గ్రూప్ ఇన్సూరెన్స్: పెళ్లికి ముందు రాసిన నామినేషన్ చెల్లుతుందా?

ప్రశ్న: రైల్వేలో ట్రాక్ మెయింటెయినర్‌గా మార్చిలో చేరాను. గ్రూప్ ఇన్సూరెన్స్ కింద నాకు 10 రూపాయలే కట్ అవుతోంది, తోటివాళ్లకు 30. పొరపాటు జరిగిందా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: పొరపాటేమీ లేదండి. రైల్వే సహా కేంద్ర ఉద్యోగులకు వర్తించే 1980 పథకంలో సభ్యత్వం జనవరి 1నే మొదలవుతుంది. ఏడాది మధ్యలో చేరినవారి దగ్గర డిసెంబరు దాకా బీమా ప్రీమియం ఒక్కటే తీసుకుంటారు. గ్రూప్-సికి అది నెలకు 10 రూపాయలు. అయినా చేరిన రోజు నుంచే మీకు 30,000 రూపాయల బీమా ఉన్నట్టే. జనవరి నుంచి 30 కట్ చేసి, అందులో 9 బీమా నిధికి, 21 మీ పొదుపు నిధికి వేస్తారు. జనవరి పే స్లిప్ తప్పకుండా చూసుకోండి. అప్పటికీ 10 దగ్గరే ఉంటే పొదుపు జమ కావడం లేదన్నమాట. వెంటనే బిల్లు సెక్షన్‌కు రాతపూర్వకంగా తెలపండి.

(ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర ఉద్యోగులది 1984లో వచ్చిన వేరే పథకం. అక్కడ సభ్యత్వం నవంబరు 1న మొదలవుతుంది.)

ప్రశ్న: తపాలా శాఖలో చేరేనాటికి అమ్మానాన్నలు లేరు, పెళ్లి కాలేదు. నామినేషన్‌లో అన్నయ్య పేరు రాశాను. ఇప్పుడు భార్య, పాప ఉన్నారు. జీపీఎఫ్ (భవిష్య నిధి) ఖాతాలో పేరు మార్చాను. అది చాలదా?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: చాలదు. దయచేసి ఈ పని ఈ నెలలోనే పూర్తిచేయండి. కుటుంబం లేనప్పుడు రాసిన నామినేషన్, కుటుంబం ఏర్పడగానే చెల్లకుండా పోతుంది. కుటుంబం ఉన్న ఉద్యోగి కుటుంబ సభ్యులనే నామినీలుగా పెట్టాలి. జీపీఎఫ్, గ్రాట్యుటీ, గ్రూప్ ఇన్సూరెన్స్ దేనికదే వేరు. ఒకచోట మారిస్తే మిగతాచోట్ల మారదు.

కొత్త ఫారం నింపి, ఇద్దరు సాక్షుల సంతకాలు చేయించి ఆఫీసులో ఇవ్వండి. ఇద్దరి పేర్లు రాస్తే ఎవరికి ఎంత వాటానో స్పష్టంగా రాయాలి. పాప మైనరు కాబట్టి ఆమె తరఫున డబ్బు తీసుకునేదెవరో కూడా పేర్కొనాలి. ఫారం ఇచ్చి ఊరుకోవద్దు. దానిమీద కార్యాలయ అధిపతి కౌంటర్ సంతకం పడిందా, సర్వీసు బుక్కులో అతికించారా అన్నది కళ్లతో చూసి, ఒక నకలు ఇంట్లో పెట్టండి. చాలా కుటుంబాలకు ఇబ్బంది ఇక్కడే వస్తుంది. చెల్లని పాత కాగితం ఒక్కటే బుక్కులో కనిపిస్తే, అసలు హక్కుదారు ఎవరో తేల్చడానికే నెలలు పోతాయి.

ప్రశ్న: జూలైలో గ్రూప్-బి ప్రమోషన్ వచ్చింది. బీమా ఎప్పటినుంచి పెరుగుతుంది?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వచ్చే జనవరి 1 నుంచి. అప్పటిదాకా 30 రూపాయల చందా, 30,000 బీమాయే. తర్వాత 60 రూపాయలు, 60,000. రిటైరైనప్పుడు బీమా సొమ్ము రాదు, పొదుపు నిధి వడ్డీతో వస్తుంది. ఆ లెక్కలో మొదటి రెండు యూనిట్లను (గ్రూప్-సిలో కట్టిన 30 రూపాయలు; ఒక్కో యూనిట్ 15 రూపాయలు) సభ్యత్వం మొదలైన ఏడాది నుంచి, అదనపు రెండింటిని ప్రమోషన్ తర్వాతి జనవరి నుంచి విడివిడిగా ప్రభుత్వం ఇచ్చే పొదుపు నిధి పట్టిక చూసి లెక్కకట్టాలి. నాలుగింటినీ ఒకే తేదీ నుంచి లెక్కగడితే మొత్తం తప్పుతుంది.

ఈ మొత్తాలు ఈ రోజుల్లో ఏ మూలకూ చాలవన్నది నిజం. ఏడో వేతన సంఘం 15 నుంచి 50 లక్షల దాకా బీమా సూచించింది. కానీ నెలకు 1,500 నుంచి 5,000 రూపాయల చందా భారమవుతుందని 2016లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకోలేదు. ఇంటి బాధ్యతలున్నవారు విడిగా టర్మ్ పాలసీ తీసుకోవడమే మంచిది.

ప్రశ్న: మా ఆయన 11 నెలలుగా జీతం లేని సెలవులో ఉన్నారు. పాలసీ లాప్స్ అయిపోతుందా?
– ఒక పాఠకురాలు, గుంతకల్లు

జవాబు: కాదమ్మా. ఇది లాప్స్ అయ్యే రకం పాలసీ కాదు. ఆయన డ్యూటీలో చేరాక బకాయి చందాను వడ్డీతో, మూడు వాయిదాలకు మించకుండా జీతంలోంచి పట్టుకుంటారు. సెలవులో ఉండగా జరగరానిది జరిగినా బీమా సొమ్ము ఇవ్వాల్సిందే. అందులో బకాయి మాత్రం మినహాయిస్తారు.