చలికాలంలో ఇంట్లో ముక్కిన వాసన పోవాలంటే

కిటికీలు మూసుకోవడం మొదలయ్యాక ఇల్లంతా ముక్కిన వాసన వస్తోందని, రూమ్ ఫ్రెషనర్ కొట్టిన అరగంటకే మళ్లీ మొదటికొస్తోందని అడిగారు. ముందు ఆ ఫ్రెషనర్ పక్కన పెట్టేయండి. దానివల్ల వాసన పోదు సరికదా, ఎక్కడ పుడుతోందో పట్టుకోవడం కష్టమవుతుంది.

ఇంట్లోనే ఉంటే ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. అందుకే గదుల తలుపులన్నీ మూసి, ఓ 20 నిమిషాలు బయట తిరిగి వచ్చి, ఒక్కో గది తెరిచి చూడండి. మొదటి రెండు మూడు సార్లు గాలి పీల్చినప్పుడు తెలిసిందే లెక్క. తర్వాత అల్మరా లోపల, సింకు కింద, వాషింగ్ మెషిన్ తలుపు దగ్గర, బాత్రూమ్ జాలీ మీద, పరుపు అడుగున చూడండి. తడి మట్టి, పాత కాగితాల వాసనైతే బూజు. కుళ్లిన గుడ్ల వాసనైతే మురుగు పైపు. పులిసిన తడిగుడ్డ వాసనైతే బట్టలు, లేదా మెషిన్.

ఎక్కువ ఇళ్లలో దొరికేది బూజే. దానికి మూలం తేమ. మన ఊపిరి, స్నానం, వంట, లోపల ఆరేసిన బట్టలు, అన్నిట్లోంచీ నీటి ఆవిరి గాలిలో కలుస్తూనే ఉంటుంది. ఒక్క వాయి బట్టలు గదిలో ఆరేస్తేనే దాదాపు రెండు లీటర్ల నీరు గాలిలోకి చేరుతుంది. కిటికీలు మూసి ఉంటే అది బయటకు పోయే దారి లేక చల్లటి గోడ మీద చేరుతుంది. తేమ కొలిచే చిన్న మీటరు (హైగ్రోమీటర్) ఒకటి పెట్టుకోండి. 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే ఫరవాలేదు. రోజుల తరబడి 65 దాటి ఉంటే ఎంత తుడిచినా బూజు మళ్లీ వస్తుంది.

బయట చలి, మంచు ఉన్నప్పుడు కిటికీ తెరిస్తే తేమ ఇంకా పెరుగుతుందని చాలామంది భయపడతారు. నిజానికి చల్లటి గాలి మోసే నీరు తక్కువ. 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల ఆవిరిని పట్టగలదు, 10 డిగ్రీల దగ్గర 9 గ్రాములే. కాబట్టి బయటి గాలి లోపలికొచ్చి వెచ్చబడితే పొడిగా మారుతుంది. ఎదురెదురు కిటికీలు బార్లా తెరిచి 5 నుంచి 10 నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు గాలి ఆడనివ్వండి. కిటికీ ఓరగా రోజంతా వదిలేయడం కన్నా ఇది మేలు. అలా వదిలేస్తే దాని చుట్టూ గోడ చల్లబడి అక్కడే చెమ్మ పడుతుంది. ఇల్లు వేడి చేసుకునే ఏర్పాటు లేకపోతే లోపలికీ బయటికీ తేడా తక్కువ కాబట్టి మధ్యాహ్నం, ఎండ ఉన్నప్పుడు తెరవండి. స్నానం, వంట అయ్యాక ఎగ్జాస్ట్ ఫ్యాన్ మరో 15-20 నిమిషాలు తిరగనివ్వండి.

మీటరులో 55 శాతమే ఉన్నా అల్మరా వెనక బూజు పట్టవచ్చు. బయటి గోడకు ఆనించిన అల్మరా వెనక గాలి కదలదు, గోడ మరీ చల్లగా ఉంటుంది, దాంతో అక్కడి తేమ 80 శాతం దాటిపోవచ్చు. అల్మరాను గోడ నుంచి కనీసం 5 సెంటీమీటర్లు జరపండి. లోపల బట్టలు కుక్కి పెట్టకండి.

పట్టిన బూజు కొద్దిమేర, అంటే చదరపు మీటరు లోపే ఉంటే మీరే శుభ్రం చేసుకోవచ్చు. మాస్కు, చేతి తొడుగులు వేసుకోండి. పొడిగా గీకడం, బ్రష్‌తో రుద్దడం వద్దు, బూజును వ్యాపింపజేసే సూక్ష్మ బీజాలు (స్పోర్లు) గదంతా ఎగురుతాయి. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చల్లి పది నిమిషాలు ఉంచి, తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. అది రంగును వెలిసేలా చేయొచ్చు, ముందు కనబడని మూలన కాస్త వేసి చూసుకోండి. బూజు మీదే పెయింట్ వేస్తే కొన్నాళ్లకు పొర లేచిపోతుంది. మచ్చ కింది నుంచి పైకి పాకుతుంటే, లేదా ఏడాది పొడవునా ఉంటే, అది పైపు లీకో నేల చెమ్మో. దాన్ని బాగు చేయించకుండా ఏం చేసినా వృథా.

మురుగు వాసనకు కారణం చాలాసార్లు అతి చిన్నది. బాత్రూమ్ జాలీ కింద, సింకు కింద ట్రాప్‌లో (నీరు నిలిచేలా వంపు తిరిగిన పైపు భాగం) నిలిచే నీరే మురుగు గాలిని ఆపుతుంది. వాడని బాత్రూమ్‌లో, ముఖ్యంగా హీటరు నడిచే ఇంట్లో, ఆ నీరు ఆవిరైపోతుంది. లీటరు నీళ్లు పోయండి, పైన రెండు చెంచాల వంటనూనె వేయండి. నూనె పొర నీరు త్వరగా ఆరిపోకుండా చూస్తుంది. రోజూ వాడే సింకే కంపు కొడితే ట్రాప్ విప్పి లోపలి జిడ్డు తీయాలి.

బట్టల సంగతికొస్తే, మెల్లగా ఆరడమే సమస్య. తడిగా ఉన్నంతసేపూ వాటిలో బ్యాక్టీరియా పెరుగుతుంది. చల్లటి నీళ్లతో మళ్లీ ఉతికినా అది చావదు. గుడ్డ తట్టుకునేదైతే 60 డిగ్రీల నీళ్లతో ఉతకండి. స్పిన్ ఎక్కువ పెట్టండి, బట్టల మధ్య జానెడు ఎడం ఉంచి ఫ్యాన్ కింద ఆరేయండి. ఆ గది తలుపు మూసి, కిటికీ తెరవండి. మెషిన్‌కూ నెలకోసారి ఖాళీగా 60 డిగ్రీల వాష్ పెట్టి, తలుపు రబ్బరు మడతలు తుడిచి, ఫిల్టర్ కడిగి, తలుపు తెరిచి ఉంచండి. ప్రతిసారీ వెనిగర్ పోయకండి, రబ్బరు దెబ్బతింటుంది.

వంట సోడా, వెనిగర్ కలిపి నురగ వస్తే ఏదో శుభ్రమవుతోందనుకుంటారు. రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, అంతే. విడివిడిగా వాడండి. చెమట, పులిసిన పాలు వంటి పుల్లటి వాసనలకు సోడా, చేప నీచుకు వెనిగర్. పరుపు మీద పొడి సోడా పలుచగా చల్లి కొన్ని గంటలు ఉంచి వాక్యూమ్ చేయండి. పెంపుడు జంతువుల మూత్రానికి ఈ రెండూ చాలవు, ఎంజైమ్ క్లీనర్ కావాలి. మూత్రం ఇంకిన లోతు వరకూ క్లీనర్ చేరేలా పోసి, సీసా మీద రాసినంతసేపు తడిగా ఉంచాలి. పైపైన చల్లి వెంటనే తుడిచేస్తే పనిచేయదు.

బ్లీచ్‌ను వెనిగర్‌తో గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో గానీ ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది. గది ఆరాలని మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టకండి, దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే ఉండదు, ప్రాణం తీస్తుంది. హీటరు సీజన్‌లో మొదటిసారి వేసినప్పుడు కాలిన దుమ్ము వాసన కాసేపు రావడం మామూలే. ప్లాస్టిక్ కాలుతున్నట్టో చేప వాసనలానో వస్తే ప్లగ్గుదో వైరుదో తేడా. ముట్టుకోకుండా మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.