పిల్లలు పెరిగేకొద్దీ బిల్డింగ్ బ్లాకుల ఆట ఎలా మారుతుంది?

రెండేళ్ల బాబుకు బిల్డింగ్ బ్లాకులు కొంటే నిజంగా ఉపయోగం ఉంటుందా, కొన్నాళ్లకే మూలన పడతాయా అని మీరు అడిగారు. మా పిల్లలిద్దరూ పసితనం నుంచి బడి వయసు దాకా అవే చెక్క బ్లాకులతో ఆడుకోవడం చూశాను కనుక, తప్పకుండా కొనమనే చెబుతాను.

ఏడాదిన్నర పిల్లలకు కట్టడం కన్నా పడగొట్టడమే ఎక్కువ ఇష్టం. దాన్ని అల్లరి అనుకోకండి. మూడు బ్లాకులను ఒకదానిపై ఒకటి నిలబెట్టాలంటే సరిగ్గా పెట్టడమే కాదు, పక్కకు తగలకుండా వేళ్లు వదలాలి, ఆ వయసు చేతికి ఈ వదలడమే కష్టం. రెండేళ్లకు సుమారు ఆరు బ్లాకులు నిలబెడతారు. మూడేళ్ల ప్రాంతంలో రెండింటిని ఎడంగా పెట్టి, మూడోదాన్ని అడ్డంగా వేసి వంతెన కడతారు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే, ఎందుకంటే మధ్యలో ఎంత ఖాళీ ఉంటే పైది ఆనుతుందో ముందుగా ఊహించుకోవాలి. మా పాప వంతెన పదే పదే జారిపడుతుంటే సర్దిపెట్టాలని నా చేయి ఎంతో లాగింది. ఆగాను, కాసేపటికి తనే పొడవైన బ్లాకు వెతికి తెచ్చుకుంది. ఆ ఆలోచన తనకు తానుగా తట్టడం ఎంతో విలువైనది.

నాలుగేళ్లు దాటాక కట్టినదానికి పేరు, కథ పుట్టుకొస్తాయి. తోటివారితో పంచుకోవడం, వాదించి ఒప్పించడం కూడా అప్పుడే మొదలవుతాయి. మీరు పక్కన కూర్చుని ‘పైన’, ‘వెనక’, ‘మధ్యలో’, ‘అంచున’ వంటి మాటలు వాడుతూ ఉండండి, ఆకారాలను, స్థానాలను మనసులో ఊహించుకునే శక్తికి ఆ మాటలు ఊతమిస్తాయి.

కొనేటప్పుడు రంగుల కన్నా కొలతలు చూడండి. రెండు చిన్నవి కలిస్తే ఒక పెద్దదానికి సమానమయ్యే బ్లాకులైతే, భిన్నాలు పాఠంగా రాకముందే చేతికి అలవాటవుతాయి. మూడేళ్లలోపు పిల్లలకు చిన్న ముక్కలు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది కాబట్టి ఒకదానికొకటి బిగుసుకునే ప్లాస్టిక్ ఇటుకలైన మామూలు లెగో ఇప్పుడే వద్దు; పొడవు, వెడల్పు, ఎత్తుల్లో దానికి రెట్టింపు ఉండే లెగో వారి డ్యూప్లో ఇటుకలు మీ బాబు వయసుకు తగినవి. తర్వాత లెగోకు మారినా వెరైటీకి కొదవ ఉండదు: ఎనిమిది బొడిపెల ఇటుకలు, ఒకే రంగువి, ఆరు ఉంటే చాలు, వాటిని 91 కోట్లకు పైగా విధాలుగా అమర్చవచ్చు. బొమ్మ చూసి కట్టే సెట్లు కొన్నా, విడి ఇటుకలు కూడా ధారాళంగా ఇవ్వండి.