పీహెచ్‌డీలో చేరేముందు ఆ మాస్కు ఒకసారి నువ్వే పెట్టుకుని చూడు

చిన్నీ,

నీ మెసేజ్ రాత్రే చూశాను. అప్పుడే రాద్దామనుకుని ఆగాను, ఇది నాలుగు ముక్కల్లో తేలే విషయం కాదు కదా. ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీలో, అంటే వ్యాయామం చేసేటప్పుడు ఒంట్లో జరిగేవాటి మీద, పీహెచ్‌డీ చేస్తానన్నావని చదివి నాకెంత సంతోషం వేసిందో మీ అమ్మనడుగు, అప్పటికప్పుడు ఫోన్ చేశాను. కానీ నువ్వు రాసిన టాపిక్ ఉందే, కొండప్రాంతాల్లో ట్రైనింగ్ తీసుకునే అథ్లెట్లు, వాళ్ల జన్యువులు, అది మాత్రం వద్దు. పిన్నిగా చెప్పట్లేదు, ఇరవై ఏళ్లు ట్రెడ్‌మిల్ పక్కన నిలబడ్డ మనిషిగా చెబుతున్నా.

ఎందుకంటే వైజాగ్‌లో కూర్చుని ఆ అథ్లెట్లని ఎక్కడినుంచి తెస్తావు? వాళ్ల కోచ్‌లు సీజన్ మధ్యలో రక్తం తీయనిస్తారా? జన్యు పరీక్షలకి డబ్బెవరిస్తారు? మూడో ఏట ఇంకా శాంపిల్స్ కోసం తిరుగుతూ ఏడ్చిన పిల్లల్ని నేను చూశాను. మన గుమ్మం ముందే ఎంత పని ఉందో చూడు. మన ఉక్కపోత ఉంది. ఒక లీటరు చెమట ఒంటిమీద పూర్తిగా ఆరితే దాదాపు 580 కిలోకేలరీల వేడిని పట్టుకుపోతుంది, అదే చెమట ఆరకుండా నేలమీదకి కారిపోతే ఒళ్లు చల్లబడటానికి పనికిరాదు. మే నెలలో బీచ్ రోడ్డు మీద జాగింగ్ చేసేవాళ్ల చొక్కాలు పిండితే నీళ్లు కారతాయి, అయినా లోపల వేడి తగ్గదు, వాళ్లు అదే స్పీడులో పరిగెడుతున్నా గుండె వేగం మాత్రం మెల్లగా పైకి పోతూనే ఉంటుంది. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామునుంచి బరువులు మోసేవాళ్లు ఉన్నారు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడిచే అరవై ఏళ్ల ఆడవాళ్లు ఉన్నారు, ఆ రాత్రంతా వాళ్ల ఒంట్లో ఏం జరుగుతోందో కొలవాలని నాకు ఎప్పటినుంచో కోరిక, నావల్ల కాలేదు. నువ్వు ఇదే చెయ్యాలని కాదు, పొద్దున్న బస్సెక్కి వెళ్లి చూడగలిగే మనుషుల మీద ప్రశ్న వేసుకోమంటున్నాను.

రెండో మాట, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. టాపిక్ రిజిస్టర్ చేయకముందే ల్యాబ్‌కి వెళ్లి, ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తే మనిషికి మాస్కు పెట్టి ఊపిరిని కొలిచే ఆ మెషీన్ ముందు ఒక పూట కూర్చో. వీఓటూ మ్యాక్స్, అంటే ఒళ్లు నిమిషానికి గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్, అని అందరం తేలిగ్గా అనేస్తాం గానీ, ఆ నంబరు వెనక ఎంత చాకిరీ ఉందో చూస్తే తెలుస్తుంది. ప్రతి పరీక్షకీ ముందు మూడు లీటర్ల సిరంజితో గాలి తోసి ఫ్లో సరిచూడాలి. బయటి గాలిలో ఆక్సిజన్ 20.93 శాతం చూపిస్తోందా, సిలిండర్ గ్యాస్‌తో దానిమీద రాసి ఉన్న అంకెలు వస్తున్నాయా చూడాలి. ఆ సిలిండర్ అయిపోతే కొత్తది రావడానికి ఎన్ని నెలలు పడుతుందో, మెషీన్ పాడైతే ఎవరు బాగుచేస్తారో, సర్వీస్ కాంట్రాక్టు బతికే ఉందో లేదో మొహమాటపడకుండా అడుగు. గైడ్‌ని కాదు, అక్కడున్న మూడో ఏడు స్కాలర్‌ని అడుగు, వాళ్లు నిజం చెబుతారు.

నా సంగతి చెబుతా. నేను చేసిన చోట పేరు ఎందుకులే, రెండో ఏట ఒకే కుర్రాడికి వారం తేడాతో రెండుసార్లు పరీక్ష చేస్తే మొదటిసారి నిమిషానికి 3.1 లీటర్లు, రెండోసారి 2.6 వచ్చింది. కుర్రాడు నీరసంగా ఉన్నాడని రాసుకుని వదిలేశాను. తర్వాత ఇంకో ఇద్దరికి అలాగే తగ్గింది. చివరికి ఒకరోజు మాస్కు పెట్టాక గాలి బయటకొచ్చే దారిని అరచేత్తో మూసి, గట్టిగా ఊపిరి వదలమన్నాను. ముక్కు దూలం పక్కనుంచి సన్నగా గాలి నా వేళ్లకి తగిలింది. సన్నటి ముఖాలకి ఆ సైజు మాస్కు వదులు, అంతే. తప్పించుకుపోయిన ఊపిరిని మెషీన్ లెక్కపెట్టదు కాబట్టి నంబరు తగ్గింది. పదకొండు మంది డేటా తీసిపారేశాను, రెండు వారాలు గైడ్‌కి చెప్పడానికి భయపడ్డాను. చెప్పాక ఆయన తిట్టలేదు, మాస్కుల సైజులన్నీ తెప్పించారు. అందుకే చెబుతున్నా, ఏదైనా తేడా కనిపించిన రోజే చెప్పేయి.

కాబట్టి మొదటి ఆరు నెలల్లో నీ పని ఒక్కటే: పది మందిని తీసుకుని, ఒక్కొక్కరికీ అదే పరీక్ష రెండు వేర్వేరు రోజులు, అదే వేళకి, అదే తిండి తిన్నాక చెయ్యి. ఏ మార్పూ లేకుండానే నీ చేతిలో ఆ నంబరు ఎంత ఊగుతుందో ముందు తెలియాలి. అది తెలియకపోతే ఎనిమిది వారాల ట్రైనింగ్ తర్వాత వచ్చిన నాలుగు శాతం పెరుగుదల నిజమో, మాస్కు తేడానో ఎలా చెబుతావు? ఇంకోటి, గరిష్ఠ గుండె వేగానికి 220 లోంచి వయసు తీసేసే లెక్క మీద థీసిస్ కట్టకు, మనిషికీ మనిషికీ పది పన్నెండు బీట్లు తేడా రావడం మామూలే. ఒక్కొక్కరికీ నువ్వే కొలువు.

ఆడపిల్లల్ని వాలంటీర్లుగా తీసుకో. నెలసరి వల్ల గజిబిజి అవుతుంది, మగపిల్లలతో కానిచ్చేయ్ అని నీకు ఎవరో ఒకరు చెబుతారు. నాకూ చెప్పారు, నేను విన్నాను, ఇప్పటికీ బాధగానే ఉంది. నెలసరి చక్రం రెండో సగంలో ఒంటి ఉష్ణోగ్రత 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ దాకా పెరుగుతుంది, వేడి మీద పని చేసేవాళ్లకి అది వదిలేయాల్సిన గజిబిజి కాదు, అదే అసలు విషయం. తేదీలు రాసుకో, ఓపిగ్గా అడుగు, వాళ్లు చెబుతారు. వంద మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా చాంపియన్ అయిన జ్యోతి యర్రాజిది మన ఊరే, అలాంటి అమ్మాయిల ఒంటి గురించి మన దగ్గర లెక్కలు లేకపోతే ఎలా?

మిగతావి త్వరగా చెప్పేస్తాను. యూనివర్సిటీలని నియంత్రించే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి తక్కువలో తక్కువ మూడేళ్లు, మామూలుగా ఆరేళ్ల లోపు పూర్తిచేయాలి. జేఆర్‌ఎఫ్, అంటే పరీక్ష రాసి తెచ్చుకునే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయలు, మీ నాన్న అడిగేది అదే కాబట్టి ముందు దానికి చదువు. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఒక్కరిని కూడా ట్రెడ్‌మిల్ ఎక్కించకు, ముందస్తుగా చేసే చిన్న పైలట్ స్టడీకైనా సరే. సమ్మతి పత్రం తెలుగులో, హార్బర్ మనిషికి అర్థమయ్యే తెలుగులో రాయి. గైడ్‌ని పేపర్ల సంఖ్య చూసి ఎంచుకోకు, ఆయన దగ్గర ఎంతమంది పూర్తిచేశారు, ఎన్నేళ్లలో చేశారు, అది చూడు.

ఇంకా, ఆ పరీక్ష నువ్వు చేయించుకో. ఈ కొలతకి దారి చూపిన బ్రిటిష్ శాస్త్రవేత్త ఏ.వి.హిల్ 1920లలో ఊపిరి పట్టే సంచీ వీపుకి కట్టుకుని తనే పరిగెత్తాడు, నోబెల్ అందుకున్న మనిషి. చివరి నిమిషంలో గొంతు ఎండిపోయి, మాస్కు పీకేయాలనిపించి, కాళ్లు నీవి కానట్టు ఉన్నప్పుడు పక్కనున్నవాళ్లు "ఇంకొక్క నిమిషం" అంటే ఎలా ఉంటుందో తెలిస్తే, రేపు నీ వాలంటీర్‌తో ఆ మాట ఏ గొంతుతో అనాలో నీకే తెలుస్తుంది.

వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటికి ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర ఉంటాను. నీ ప్రశ్న ఒకే ఒక్క పేజీలో, తెలుగులో రాసుకుని రా. మీ అమ్మకి అర్థమయిందో లేదో ముందు చదివి వినిపించు.

మీ పిన్ని