మిలటరీ నాన్న గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయికి ఆశీస్సులు.

చనిపోయిన మీ నాన్నగారి గురించి నువ్వు రాసిన వ్యాసం, దాంతోపాటు ఆయన మెడల్స్ ఫొటో అందాయి. నలభై దాటాక కలం పట్టానని మొహమాటపడుతూ రాశావు. అదేం పట్టించుకోకు. చదివేవాళ్లెవరూ నీ వయసు అడగరు. వ్యాసం గురించి మాత్రం కాస్త గట్టిగానే మాట్లాడాలి. నొచ్చుకోవద్దు.

మొదట ఒక చిక్కు తేల్చుకుందాం. మీ నాన్నగారు ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగుబాటు కళ్లారా చూశారని రాశావు. 1971 డిసెంబరు 16, వాళ్ల జనరల్ నియాజీ సంతకం, దాదాపు 93 వేల మంది యుద్ధఖైదీలు, అంతా బాగానే ఉంది. కానీ నువ్వు పంపిన ఫొటోలో ఉన్నది పశ్చిమీ స్టార్. అది పశ్చిమ సరిహద్దులో పనిచేసినవాళ్లకు ఇచ్చింది. బంగ్లాదేశ్ వైపు వెళ్లినవాళ్లది పూర్వీ స్టార్. పక్కనున్న సంగ్రామ్ మెడల్ చూసి ఏదీ తేల్చలేం, అది ఆ వైపూ ఈ వైపూ కూడా ఇచ్చారు. అంటే ఢాకా కథ మీ ఇంట్లో ఎవరో అనగా, నలుగురూ అనగా, చివరికి నిజమై కూర్చుంది. మిలటరీవాళ్లున్న ఇళ్లలో ఇలాంటి కథ ఒకటి తప్పకుండా ఉంటుంది. "నాన్న యుద్ధం గురించి ఎప్పుడూ నోరు విప్పలేదు" అని రెండు పేజీల తర్వాత నువ్వే రాశావు. మరి ఢాకా సంగతి నీకు ఎవరు చెప్పినట్టు?

మెడల్ అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి, వెలుతురులో పెట్టి చూడు. అమ్మగారి దగ్గర ఆయన డిశ్చార్జ్ బుక్ ఉంటుంది. అందులో చేరిన తేదీ, వచ్చిన మెడల్స్, చేసిన సర్వీసు అన్నీ రాసి ఉంటాయి. అది కనిపించకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, ఆర్మీ రికార్డ్స్ ఆఫీసుకి ఎలా రాయాలో కనుక్కో. విశేషణాలు తరవాత చూసుకోవచ్చు, ముందు ఈ పని చెయ్యి.

ఢాకా పోతే వ్యాసం చప్పబడిపోతుందని టెన్షన్ పడకు. నిజానికి అక్కడి నుంచే నీ కథ మొదలవుతుంది. పశ్చిమాన యుద్ధం 16తో ఆగలేదు. అక్కడ కాల్పుల విరమణ 17 రాత్రి ఎనిమిది గంటలకు. ఆ తర్వాత కూడా ఎవరి సైన్యం వాళ్లు పట్టుకున్న చోటే ఉండిపోయారు. సిమ్లా ఒప్పందం 1972 జూలై 2న కుదిరితే, సైన్యాలు వెనక్కి రావడం ఆ డిసెంబరుకి గానీ పూర్తి కాలేదు. ఇప్పుడు నీ వ్యాసంలోదే ఈ ముక్క మళ్లీ చదువుకో: "యుద్ధం వల్ల అమ్మానాన్నల పెళ్లి ఏడాదికి పైగా వాయిదా పడింది." యుద్ధం జరిగింది రెండు వారాలు. పెళ్లి ఏడాది ఎందుకు ఆగింది? ఒక్క వాక్యంలో దాటేశావు గానీ, నాకు అక్కడే మనసు పట్టేసింది. యుద్ధం అయిపోయిందని పేపర్లో వచ్చింది, రేడియోలో చెప్పారు. పెళ్లికొడుకు మాత్రం రాడు. ఎక్కడున్నాడంటే చెప్పడానికి ఊరి పేరు లేదు, కేరాఫ్ 56 ఏపీవో అన్న ఆర్మీ పోస్టాఫీసు అడ్రసు తప్ప. ఆ ఏడాదంతా అమ్మగారి ఇంట్లో ఏమేం మాటలు నడిచాయి? ఈ సంబంధం వదిలేద్దామని ఎవరైనా అన్నారా? అమ్మగారు ఉన్నారు కాబట్టి అడగొచ్చు. ఈ నెలలోనే అడుగు.

రెండో సంగతి. ఆయన ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవరు అని నాకు నీ వ్యాసం చదివితే తెలియలేదు, నువ్వు ఫోన్ చేసినప్పుడు తెలిసింది. వ్యాసంలో "శత్రువుతో పోరాడారు" అని ఉంది. డ్రైవరు అంటే తక్కువగా ఉంటుందనుకున్నావా? ముందున్నవాడి తుపాకీలో గుండు ఉందంటే వెనక ఎవరో లారీలో తెచ్చి దించారన్నమాట. నీళ్లు, తిండి, డీజిలు, గాయపడ్డవాళ్లు, అన్నీ ఆ చక్రాల మీదే. రాత్రిపూట లైట్లు ఆర్పుకుని శక్తిమాన్ లారీ తోలడం అంటే ఏమిటో ఆయన బ్యాచ్‌వాళ్లు ఎవరైనా ఉంటే వెళ్లి కూర్చుని విను. స్టీరింగ్ ఎంత బరువుండేది, ముందు బండి కనపడకపోతే దూరం ఎలా తెలిసేది, నిద్ర వస్తే ఏం చేసేవారు, ఇలాంటివి అడుగు. "యుద్ధం ఎలా ఉండేదండీ" అని అడిగితే ఆగస్టు పదిహేనున టీవీలో చెప్పే మాటలే వస్తాయి. ఇద్దరు చెప్పింది పొసగకపోతే రెండూ రాయి. ఎవరూ చెప్పనిది మాత్రం కల్పించి ఆయన నోట్లో పెట్టకు. నీ మూడో పేజీలో ఆయన తోటి జవానుతో మాట్లాడే డైలాగులన్నీ కొట్టేశాను.

ఇక అసలు విషయం. "నాన్న మాకు అన్నీ తానై పెంచారు" అన్నావు. ఎప్పుడు పెంచారమ్మా? నువ్వు పుట్టింది 1978లో, ఆయన రిటైరై వచ్చింది 1991లో. ఏడాదికి రెండు నెలల యాన్యువల్ లీవు, వీలైతే ఇంకో నెల క్యాజువల్. నీ మొదటి పదమూడేళ్లలో ఆయన ఇంట్లో ఉన్నది అంతా కలిపినా మహా అయితే మూడేళ్ల మూడు నెలలు. ఆ లెక్క వ్యాసంలో చెప్పెయ్. చెబితే ఆయన చిన్నబోరు. ట్రంకు పెట్టెతో గుమ్మంలోకి వచ్చిన మనిషిని చూసి నువ్వు అమ్మ వెనక దాక్కున్నావని చెప్పావు. దగ్గరికి చేరడానికి వారం పట్టేదనీ, చేరాక వెళ్లిపోయేవారనీ అన్నావు. మనియార్డరు ఫారం కింద నాలుగు వాక్యాలకు జాగా ఉంటే, అందులో ఒకటి నీ చదువు గురించే ఉండేదట. ఇవన్నీ ఫోన్లో చెప్పినదానివి, కాగితం మీదికి వచ్చేసరికి "అన్నీ తానై" దగ్గర ఆగిపోయావు.

రిటైరయ్యాక బ్యాంకులో గార్డుగా చేసిన పద్దెనిమిదేళ్లకు నువ్విచ్చింది ఒకటిన్నర వాక్యం! నువ్వు తండ్రిని నిజంగా చూసింది అప్పుడే. నీ స్కూటీ పుస్తకం గురించి నవ్వుతూ చెప్పావు, గుర్తుందా? ఆర్మీలో బండికి కార్ డైరీ రాసినట్టే, నీ స్కూటీకీ ఒక నోటుబుక్కు పెట్టారు. నువ్వు కాలేజీ నుంచి రాగానే వరండాలో వంగి మీటరు చూసి, తేదీ, కిలోమీటర్లు, పోసిన పెట్రోలు, గాలి కొట్టించిన రోజు రాసుకునేవారు. ఒకరోజు ఎనిమిది కిలోమీటర్లు ఎక్కువ తిరిగింది. ఆయన ఏమీ అడగలేదు. అంకె రాసి, పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టి ఊరుకున్నారు. నువ్వు సినిమాకి వెళ్లావని ఆ రాత్రి నువ్వే చెప్పేశావు. ఆ ప్రశ్నార్థకం ముందు నీ "త్యాగమూర్తి", "క్రమశిక్షణకు మారుపేరు" నిలబడవు. దీనికి రెండు పేజీలు ఇవ్వు, మూడు అయినా ఫర్వాలేదు. అక్కడ ఆయన ప్రేమ గురించి వ్యాఖ్యానం ఒక్క ముక్క కూడా చేర్చకు.

కోపం గురించి కూడా రాయాలి. అన్నం ఆలస్యమైతే కంచం తోసేసేవారని, తమ్ముణ్ని ఎండలో నిలబెట్టారని నువ్వే అన్నావు. చనిపోయినవాళ్ల గురించి అలా రాయొచ్చా అని అడిగావు. రాయొచ్చు, కానీ తమ్ముడికి ముందే చూపించు. ఆ ఎండలో నిలబడింది అతను, ఆ సంగతి బయట పెట్టాలో వద్దో చెప్పాల్సిందీ అతనే. నీ కోపం, నీ అలక మటుకు నీ సొంతం, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చివరి రోజుల ఆసుపత్రి భాగం బాగుంది, ముట్టుకోకు. అంత్యక్రియల్లో మూడు రంగుల జెండా పేరా ఉంచు గానీ సగానికి సగం తగ్గించు.

కొత్త ప్రతికి తొందరేం లేదు. అమ్మగారితో మాట్లాడాక, డిశ్చార్జ్ బుక్ చూశాక మొదలుపెట్టు. ఈలోగా ఆ స్కూటీ పుస్తకంలో నాలుగు పేజీలు జిరాక్సు తీసి పోస్టులో పడెయ్. ప్రశ్నార్థకం ఉన్న పేజీ తప్పకుండా ఉండాలి.

మీ మాస్టారు