పాఠకుల ప్రశ్నలు: పిల్లలకు పెద్దల తోడు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. మా ఊరిలో చదువుకొని హైదరాబాదులోనూ నల్లగొండలోనూ ఉద్యోగాలు చేస్తున్న పన్నెండు మందిమి, పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కరం చొప్పున తోడుగా నిలవాలనుకుంటున్నాం. మాటలతో ఏమొస్తుంది, చందాలు పోగుచేసి ఫీజులు కట్టండని కొందరు పెద్దలు అంటున్నారు. ఇలాంటి తోడు వల్ల నిలిచే లాభం ఉంటుందా?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: ఉంటుంది. అందులో పెద్ద భాగం పిల్లలు సంపాదన మొదలుపెట్టాకే కనిపిస్తుంది కాబట్టి, మీ ఊరి పెద్దల సందేహం సహజమే.

అమెరికాలో బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అనే సంస్థ ఒక్కో పిల్లవాడికి ఒక్కో పెద్దవారిని జతచేస్తుంది. 1990ల తొలినాళ్లలో అక్కడి ఎనిమిది నగరాల్లో, 10 నుంచి 16 ఏళ్ల పిల్లలను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు వెంటనే తోడునిచ్చి, రెండో గుంపును 18 నెలలు ఆగమన్నారు. ఆ గడువు ముగిసేసరికి తోడు దొరికిన పిల్లలు బడి ఎగ్గొట్టిన రోజులు రెండో గుంపుతో పోలిస్తే దాదాపు సగమే. మాదకద్రవ్యాలు మొదలుపెట్టే అవకాశం వారిలో 46 శాతం తక్కువ. అదే పిల్లలు పెద్దవారయ్యాక ఆర్థికవేత్తలు పన్ను రికార్డులు పరిశీలిస్తే, 20 నుంచి 25 ఏళ్ల మధ్య వారి సంపాదన సుమారు 15 శాతం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. పెరిగిన ఆదాయం మీద వచ్చే పన్నులతోనే ఆ కార్యక్రమం ఖర్చు కొన్నేళ్లలో ప్రభుత్వానికి తిరిగి వస్తుందని వారు లెక్కగట్టారు.

జర్మనీలో విశ్వవిద్యాలయ విద్యార్థులను బడిపిల్లలకు తోడుగా పెట్టి చేసిన పరిశీలన మనకు ఇంకా దగ్గరిది. పేదింటి పిల్లలకు లెక్కల మార్కులు, ఓపిక, ఏ పనిలో స్థిరపడాలన్న స్పష్టత పెరిగాయి. కలిగినింటి పిల్లలకు చెప్పుకోదగ్గ మేలేమీ జరగలేదు. కారణం ఊహించవచ్చు. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయాలా, ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలి, డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైటు దోస్త్‌లో కాలేజీల వరుస ఎలా పెట్టుకోవాలి, స్కాలర్‌షిప్‌కు ఆదాయ ధ్రువపత్రం ఎప్పటిలోగా తెచ్చుకోవాలి అన్నవి ఉద్యోగస్థుల ఇంట్లో అన్నం తింటూ మాట్లాడుకునే సంగతులు. ఇంటిల్లిపాదిలో మొదటిసారి కాలేజీ గడప తొక్కే తండా పిల్లవాడికి ఆ మాట చెప్పేవారే ఉండరు. ఫీజు కట్టినా ఆ లోటు తీరదు. ఇంటర్‌లో ఒక సబ్జెక్టు తప్పిన ఆడపిల్లకు పెళ్లి సంబంధం చూడటం మన ప్రాంతంలో ఇంకా ఉంది. సప్లిమెంటరీ రాయించి మరో ఏడాది చూద్దామని తల్లిదండ్రులకు నచ్చజెప్పే మనిషి ఒక్కరున్నా ఆ అమ్మాయి జీవితం వేరే దారి పడుతుంది. చందాలూ పోగుచేయండి, కానీ దీన్ని మానుకోకండి.

ఒక్క షరతు మాత్రం గట్టిగా చెప్పాలి. అమెరికా పిల్లల వివరాలనే మళ్లీ విశ్లేషించినప్పుడు, ఏడాదికి మించి తోడు సాగినచోట మేలు బాగా కనిపించింది; మూడు నెలలలోపే తెగిపోయినచోట పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం తగ్గింది. తల్లిదండ్రులు ముంబైకో హైదరాబాదుకో పనులకు వలసపోతే అమ్మమ్మ దగ్గరో హాస్టల్లోనో పెరిగే పాలమూరు, దేవరకొండ పిల్లలు, మనుషులు వెళ్లిపోవడం ఇప్పటికే చూశారు. మీ పన్నెండు మందిలో ఏడాది పాటు నెలకు రెండుసార్లయినా కలవగలవారు ఐదుగురే ఉంటే, ఐదుగురు పిల్లలతోనే మొదలుపెట్టండి. కలిసేది బడిలోనో గ్రంథాలయంలోనో, ఇంట్లోవారికి తెలిసేటట్టు ఉండాలి. ఆడపిల్లలకు మహిళలే తోడుగా ఉండటం మేలు.

ప్రశ్న: ఇంటర్ చదివే మా అమ్మాయికి రెండేళ్లుగా అండగా ఉన్న టీచరమ్మకు బదిలీ అయింది. అమ్మాయి దిగులుగా ఉంది. ఏం చేయాలి?
– ఒక తల్లి, అచ్చంపేట

జవాబు: అమ్మా, రెండేళ్ల తోడు వృథా కాదు. బదిలీ ఎందుకైందో, అందులో మీ అమ్మాయి తప్పేమీ లేదని టీచరమ్మనే స్వయంగా చెప్పమనండి. వెళ్లేలోపు అదే కాలేజీలో మరొక మేడమ్‌ను ముగ్గురూ కూర్చొని పరిచయం చేసుకోండి. పరీక్షలయ్యేదాకా వారానికి ఒక ఫోను, ఫలానా రోజు ఫలానా వేళకని ముందే అనుకుంటే, అమ్మాయికి ఎదురుచూసే గంట ఒకటి ఉంటుంది.