కాల్లో వేసిన ప్లేటు ఏడో నెలకే విరిగితే నాసిరకమనే అనుకోవాలా?

గుంటూరు నుంచి అడిగారు కదా, నాన్నగారి తొడ ఎముకకు వేసిన స్టీలు ప్లేటు ఏడో నెలలో విరిగింది, నాసిరకం అంటగట్టారా, అసలు వీటిని పరీక్షిస్తారా అని. నేను ఇలాంటి ప్లేట్లు, స్క్రూలు పరీక్షించే ల్యాబ్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మా మేనమామకూ ఇదే జరిగింది, కాబట్టి మీ టెన్షన్ నాకు తెలుసు.

మామయ్యకు విజయవాడ ఆటోనగర్‌లో లారీ కమాన్ పట్టీల షాపుంది. మోకాలి కింద ఎముకకు ప్లేటు వేస్తే, రెండో నెలకే కర్ర పక్కన పెట్టి షాపుకు వెళ్లాడు. వెళ్లక ఇల్లెలా గడుస్తుంది! ఎనిమిదో నెలలో ప్లేటు విరిగింది. "ఇనుము సంగతి నాకు తెలియదా అల్లుడూ, ఇది కల్తీ సరుకు" అన్నాడు.

తీసిన ముక్కల్ని లెన్సు కింద పెట్టి చూపించాను. సరిగ్గా ఎముక విరిగినచోట, స్క్రూ వేయకుండా వదిలిన రంధ్రం దగ్గరే తెగింది. తెగిన అంచు చాలావరకు నున్నగా ఉంది. కృష్ణలో నీళ్లు తీసేకొద్దీ ఇసుక మీద మిగిలే గీతల్లాంటి సన్నటి వంపులున్నాయి. చివర కొంచెం మాత్రమే గరుకుగా ఉంది. అంటే ఒక్క దెబ్బకు విరిగింది కాదు, పగులు నెలల తరబడి పాకింది. మామయ్య చాలాసేపు చూసి, "మన పట్టీలూ ఇలాగే పోతాయిరా" అన్నాడు.

ప్లేటు జీవితాంతం బరువు మోయడానికి కాదండీ, ఎముక అతుక్కునేదాకా కాపు కాయడానికి. రోజుకు ఆ కాలి మీద రెండు వేల అడుగులు పడినా ఏడాదికి ఏడు లక్షలు దాటుతాయి. ఎముక అతకకపోతే ఆ బరువంతా ప్లేటుదే. పోనీ మందంగా చేయొచ్చు కదా అంటారు. డిజైన్‌లో కష్టమంతా అక్కడే ఉంది. స్టీలు ఇప్పటికే ఎముక కంటే సుమారు పది రెట్లు బిరుసు, టైటానియం మిశ్రమం ఆరు రెట్లు. ప్లేటే మొత్తం మోస్తే పనిలేని ఎముక పలచబడుతుంది. విరిగినచోట కాస్త కదలిక లేకపోతే కొన్ని రకాల విరుగుళ్లలో కొత్త ఎముక సరిగా కట్టదు.

పరీక్షిస్తారండీ. కింద రెండు, పైన రెండు రోలర్ల మధ్య పెట్టి ప్లేటు ఎంత బరువుకు శాశ్వతంగా వంగిపోతుందో చూస్తాం. తర్వాత అంతకంటే తక్కువ బరువుతో పది లక్షల సార్లు వంచుతాం. సెకనుకు ఐదుసార్ల చొప్పున రెండు రోజుల పైనే పడుతుంది.

తయారీలో లోపం అసలుండదని నేననను. పగులు మొదలైనచోట మలినమో, లోతైన గీతో ఉందేమో చూడాలి, లోహాన్నీ పరీక్షించాలి. ముందు మాత్రం ఎముక ఎందుకు అతకలేదో డాక్టరుగారిని అడగండి. షుగరు, పొగ, లోపల ఇన్ఫెక్షన్ ముఖ్య కారణాలు. కేస్ షీట్‌లో ప్లేటు స్టిక్కరు, దాని మీద లాట్ నంబరు ఉంటాయి, ఫొటో తీసుకోండి. లోపం ఉందనిపిస్తే వైద్య పరికరాల వల్ల వచ్చే ఇబ్బందులను నమోదు చేసే, 2015 నుంచి నడుస్తున్న మెటీరియోవిజిలెన్స్ అనే ప్రభుత్వ కార్యక్రమానికి ఫిర్యాదు పంపొచ్చు.

ముక్కలు మీకే ఇవ్వమని ఆపరేషన్‌కు ముందే చెప్పిపెట్టండి, తర్వాత అడిగితే దొరకవు. చేతికొచ్చాక రెండు ముక్కల్నీ కలిపి చూడకండి, ఆ రాపిడికి గీతలు చెరిగిపోతాయి.