హాలీవుడ్ సినిమాల పని అమెరికా బయటికి ఎందుకు పోతోంది? సుంకం వేస్తే వెనక్కి వస్తుందా?

మీరు మూడు విషయాలు అడిగారు. హాలీవుడ్ సినిమాల పని ఇంతగా కెనడాకీ బ్రిటన్‌కీ ఎందుకు పోతోంది? బయట తీసిన సినిమాల మీద 100 శాతం సుంకం వేస్తే అది తిరిగి వస్తుందా? మీ తమ్ముడు విజువల్ ఎఫెక్ట్స్ నేర్చుకుని కెనడా వెళ్లాలనుకుంటున్నాడు, వెళ్లొచ్చా? నేను కంపోజిటర్‌ని, అంటే కెమెరాతో తీసిన దృశ్యాన్నీ కంప్యూటర్‌లో చేసిన బొమ్మల్నీ ఒకే చిత్రంగా కలిపే ఆర్టిస్టుని. లండన్, వాంకూవర్, మాంట్రియల్ మూడు చోట్లా పనిచేశాను. ఊరు మారిన ప్రతిసారీ దాని వెనక ఏదో ఒక ప్రభుత్వ బడ్జెట్ ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అక్కడ జీతాలు చవక కాబట్టి పని పోతోందని చాలామంది అనుకుంటారు. కెనడా డాలర్ విలువ తక్కువ కావడం కొంత కలిసొస్తుంది, నిజమే. కానీ వాంకూవర్, లండన్ చవక ఊళ్లు కావు. అసలు సంగతి ఏమిటంటే, స్టూడియో ఇచ్చే జీతంలో పెద్ద భాగం ప్రభుత్వం తిరిగి ఇచ్చేస్తుంది.

వాంకూవర్ ఉన్న బ్రిటిష్ కొలంబియా లెక్కే చూడండి. అది కెనడాలో ఒక ప్రావిన్స్, అంటే మన రాష్ట్రం లాంటిది. 2024 వరకు అక్కడ బయటి దేశాల సినిమాలకు కార్మిక వ్యయం, అంటే జీతాల ఖర్చు మీద 28 శాతం రాయితీ ఉండేది. విజువల్ ఎఫెక్ట్స్, యానిమేషన్ పని అయితే దాని పైన ఇంకో 16 శాతం. అంటే నాకు 100 డాలర్ల జీతం ఇస్తే 44 డాలర్లు ప్రావిన్స్ ఖజానా నుంచి వెనక్కి వస్తాయి. మిగిలిన 56 మీద కెనడా కేంద్ర ప్రభుత్వం మరో 16 శాతం ఇస్తుంది, అది దాదాపు 9 డాలర్లు. మొత్తం 53. స్టూడియోకి నిజంగా పడే ఖర్చు 47 డాలర్లే. 2025 జనవరి తర్వాత షూటింగ్ మొదలైన సినిమాలకు ఆ 28 శాతాన్ని 36 చేశారు. పేరుకి పన్ను రాయితీ అంటారు గానీ, కంపెనీ కట్టాల్సిన పన్ను ఏమీ లేకపోయినా ఆ సొమ్ము చేతికి వస్తుంది.

అయితే ఆ డబ్బు సినిమాకి కాదు, పనిచేసే మనిషి చిరునామాకి ముడిపడి ఉంటుంది. అక్కడ ఉద్యోగంలో చేరగానే హెచ్ఆర్ వాళ్లు నా ముందు పెట్టిన కాగితాల్లో నివాస ధ్రువీకరణ ఒకటి. పోయిన డిసెంబర్ 31న మీరు ఈ ప్రావిన్స్‌లో నివాసి అవునా కాదా? కింద సంతకం, పక్కన అద్దె ఒప్పందం కాపీ. అప్పట్లో ఇదేదో మామూలు ఫార్మాలిటీ అనుకునేవాళ్లం. నిజానికి కంపెనీ రాయితీ అడగాలంటే ఆ తేదీ చాలా ముఖ్యం. డిసెంబర్‌లో దిగిన ఆర్టిస్టుకీ జనవరిలో దిగిన ఆర్టిస్టుకీ పనిలో తేడా ఏమీ ఉండదు, లెక్కల్లో మాత్రం ఉంటుంది. ఇంటర్నెట్ ఉంటే ఎక్కడి నుంచైనా చేయగలిగే పని మాది. అయినా పక్క ప్రావిన్స్‌లో కూర్చుని చేస్తానంటే ఒప్పుకోరు, ఎందుకంటే అప్పుడు రాయితీ రాదు.

లీడ్, అంటే టీమ్ పెద్ద, అయ్యాక బిడ్ షీట్లు చూసే అవకాశం వచ్చింది. పని కోసం స్టూడియోలు ఇచ్చే ఖర్చు అంచనాలవి. ఒకే షాట్, అవే మ్యాన్‌డేస్ (ఒక మనిషికి పట్టే పని రోజులు). పక్కనే మూడు ఊళ్ల పేర్లు, చివరి కాలమ్‌లో రాయితీ పోగా మిగిలే ఖర్చు. నిర్మాతల వైపు వాళ్లు ముందు చూసేది ఆ చివరి కాలమే. ఏ ఊరి టీమ్ నీటిని బాగా చేస్తుంది, ఏ టీమ్ జీవుల బొచ్చు బాగా చేస్తుంది అన్న మాట ఆ తర్వాతే వచ్చేది. ఇన్ని షాట్లు ఫలానా ఊళ్లోనే చేయాలని కాంట్రాక్టులోనే రాసేవాళ్లు. ఇది చూసినప్పుడల్లా నాకు బాధగానే ఉండేది. ఒక టీమ్‌కి పని అబ్బడానికి ఏళ్లు పడుతుంది.

శాతం పెరిగిందా తగ్గిందా అన్నది వార్తల హెడ్డింగ్ చూసి తేల్చుకోకండి. 2024 మార్చిలో, మాంట్రియల్ ఉన్న క్యూబెక్ ప్రావిన్స్ ప్రభుత్వం బడ్జెట్‌లో మూల రాయితీని 20 నుంచి 25 శాతానికి పెంచింది. చదివితే శుభవార్తే. కానీ అదే బడ్జెట్‌లో ఇంకో వాక్యం ఉంది: విజువల్ ఎఫెక్ట్స్ కాంట్రాక్టు ఖర్చులో 65 శాతాన్నే రాయితీకి లెక్కిస్తాం. షూటింగ్‌కి వచ్చేవాళ్లకి లాభం, మాకు గట్టి దెబ్బ. మాంట్రియల్‌లో మేం చేస్తున్న షోలు (సినిమా ప్రాజెక్టులు) పూర్తవుతూ ఉండేవి, కొత్తవి వచ్చేవి కావు. వారం వారం ఎవరో ఒకరు చివరి రోజు మెయిల్ పంపేవారు. ఇళ్లు కొనుక్కున్నవాళ్లు, పిల్లల్ని ఫ్రెంచ్ బడుల్లో వేసినవాళ్లు, అందరికీ టెన్షనే.

సరిగ్గా ఆ సమయంలో బ్రిటన్ ఎదురు దిశలో వెళ్లింది. అక్కడ చాలాకాలంగా ఒక నిబంధన ఉండేది. సినిమా మూల వ్యయంలో 80 శాతం దాకానే రాయితీ. లండన్ దగ్గర సెట్లు వేసి మొత్తం అక్కడే తీసిన సినిమా షూటింగ్‌తోనే ఆ గీత దాకా వెళ్లిపోతుంది. ఆ తర్వాత విజువల్ ఎఫెక్ట్స్ కూడా అక్కడే చేయించుకుంటే అదనంగా పైసా రాదు. అందుకే బ్రిటన్‌లో తీసిన సినిమాల షాట్లు మాంట్రియల్‌లో మా దగ్గరికి వచ్చేవి. 2025 నుంచి విజువల్ ఎఫెక్ట్స్ ఖర్చుకి ఆ 80 శాతం గీత ఎత్తేశారు. రాయితీ కూడా మామూలు 34 శాతానికి బదులు 39 చేశారు. పన్ను పోగా చేతికొచ్చేది అంతకంటే తక్కువే అనుకోండి. అయినా పని ఎటు మళ్లిందో మా పరిచయస్తుల లింక్డ్‌ఇన్ ప్రొఫైళ్లు చూస్తే తెలుస్తుంది.

షూటింగ్ కథ కూడా ఇదే దారిలో నడుస్తుంది, కాకపోతే నెమ్మదిగా. స్టూడియో ఫ్లోర్లు కట్టాలి, లైట్‌మెన్, కార్పెంటర్లు తయారవ్వాలి. అమెరికాలోనే జార్జియా రాష్ట్రం 2008 నుంచి 20 శాతం, సినిమా చివర తమ లోగో వేస్తే ఇంకో 10 శాతం ఇస్తోంది. కంపెనీకి ఆ రాష్ట్రంలో కట్టాల్సిన పన్ను లేకపోతే ఆ రాయితీని వేరే కంపెనీకి అమ్ముకోవచ్చు కూడా. అట్లాంటా చుట్టూ అన్ని స్టూడియోలు లేచాయంటే ఈ విధానం ఏళ్ల తరబడి నిలబడడం వల్లే. మరో అమెరికా రాష్ట్రం మిచిగాన్ అదే 2008లో 42 శాతం దాకా ఇచ్చి, 2015లో పథకాన్నే మూసేసింది. ఎక్కువ ఇచ్చినచోట కాదు, ఎక్కువకాలం ఇచ్చినచోట పరిశ్రమ పాతుకుంది.

ఇక సుంకం. 2025 మే 4న ట్రంప్ విదేశాల్లో తీసిన సినిమాల మీద 100 శాతం సుంకం అన్నారు, సెప్టెంబర్‌లో మళ్లీ అన్నారు. దీన్ని వేయడం దగ్గరే చిక్కు. సినిమా ఓడలో కంటెయినర్‌లా రాదు. మేం రాత్రి షాట్ రెండర్ చేసి (కంప్యూటర్‌లో తుది చిత్రంగా తయారుచేసి) పంపితే పొద్దున్నకి లాస్ ఏంజెలెస్‌లో స్క్రీన్ మీద ఉంటుంది. ఎలక్ట్రానిక్ ప్రసారాల మీద కస్టమ్స్ సుంకాలు వేయకూడదని ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్య దేశాలు 1998లో ఒప్పుకుని, పదేపదే పొడిగిస్తూ వచ్చాయి. పైగా బుడాపెస్ట్‌లో తీసి, వాంకూవర్‌లో ఎఫెక్ట్స్ చేసి, లండన్‌లో సంగీతం రికార్డు చేసి, లాస్ ఏంజెలెస్‌లో ఎడిట్ చేసిన సినిమా ఏ దేశపు సరుకు? దేని విలువ మీద 100 శాతం?

సుంకం ఆలోచన ఇప్పటిది కాదు, విజువల్ ఎఫెక్ట్స్ చేసే మా వాళ్లలోనే పుట్టింది. 2013 ఫిబ్రవరిలో రిథమ్ అండ్ హ్యూస్ అనే విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియో దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో వాళ్ల పనికి ఆస్కార్ వచ్చింది. ఆ రాత్రి ఆస్కార్ వేడుక బయట ఆర్టిస్టులు ప్లకార్డులతో నిలబడ్డారు. విదేశీ సబ్సిడీలతో చవకగా వచ్చే సరుకు మీద వేసే ప్రతిసుంకం షాట్లకూ వేయించాలని కొందరు లాయర్లను కూడా సంప్రదించారు. అంతా ఒక్క ప్రశ్న దగ్గర ఆగింది: డిజిటల్ ఫైలు సరుకేనా? 2014లో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ వేరే కేసులో అవునంది. ఆ కేసు పళ్ల వరస సరిచేసే అచ్చుల డిజిటల్ ఫైళ్ల గురించి. 2015 నవంబర్‌లో అప్పీల్ కోర్టు కాదని కొట్టేసింది. మా వాళ్లు పెట్టుకున్న ఆశ అక్కడితో చల్లబడింది.

కాబట్టి సుంకంతో పని వెనక్కి వస్తుందని నేను అనుకోను. పనిని కదిలించేది రాయితీయే. కాలిఫోర్నియాకీ ఇది తెలుసు, అందుకే 2025లో తన సినిమా రాయితీ నిధిని ఏడాదికి 33 కోట్ల డాలర్ల నుంచి 75 కోట్లకు పెంచింది. ఇలా ఒకరిని చూసి ఒకరు పెంచుకుంటూ పోవడం ప్రజల డబ్బుతో ఆడే వేలంపాట. ఇవ్వదలచుకుంటే ఇవ్వండి గానీ, తగ్గించేటప్పుడు రెండు మూడేళ్ల ముందు చెప్పండి అన్నది నాలాంటి వాళ్ల కోరిక.

మీ తమ్ముడి విషయానికొస్తే, వెళ్లొద్దని అనను. పని గొప్పది. కాలేజీ ఎంచుకునే ముందు ఆ ప్రావిన్స్ గత రెండు మూడు బడ్జెట్లలో విజువల్ ఎఫెక్ట్స్ గురించి ఏం రాశారో చదవమనండి. హెడ్డింగ్ కాదు, లోపలి షరతులు. వీసా ఒక్క కంపెనీకే కట్టిపడేసేదైతే, ఆ కంపెనీకి వేరే ఊళ్లలో శాఖలు ఉన్నాయో లేదో కనుక్కోమనండి. వెళ్లిన మొదటి రెండేళ్లు ఇల్లు కొనొద్దని చెప్పండి. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోమనండి.